ఎడ్విన్ ఆల్బర్ట్ లింక్

ఎడ్విన్ ఆల్బర్ట్ లింక్ (జూలై 26, 1904 - సెప్టెంబర్ 7, 1981) అమెరికాకు చెందిన ఆవిష్కర్త, వైమానికుడు, సముద్రగర్భ పరిశోధకుడు. నేలమీద కూర్చుని విమానం నడపడం నేర్చుకోవడానికి ఉపయోగపడే లింక్ ట్రైనర్ అనే అనుకరణ యంత్రాన్ని (సిమ్యులేటర్‌ను) ఈయన 1929లో రూపొందించాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అయిదు లక్షలకు పైగా వైమానికులు ఈ యంత్రంలో శిక్షణ పొందారు. నేడు ఇంటి కంప్యూటరుకు జాయ్‌స్టిక్ తగిలించుకొని యుద్ధవిమానం నడిపే ఆటలకు కూడా మూలపురుషుడుగా ఈయననే చెప్పుకోవచ్చు.

బాల్యం, ఆర్గాన్ల కర్మాగారం

లింక్ ఇండియానా రాష్ట్రంలోని హంటింగ్టన్ పట్టణంలో జన్మించాడు. ఈయన తండ్రి పేరు కూడా ఎడ్విన్ లింకే. 1910లో తండ్రి న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హాంటన్‌లో దివాలా తీసిన ఒక వాద్యాల కంపెనీని కొని, దానిని లింక్ పియానో అండ్ ఆర్గాన్ కంపెనీగా మార్చాడు. తమంతట తామే మోగే పియానోలు, మూకీ సినిమా హాళ్లలో వాయించే పెద్ద ఆర్గాన్లు అక్కడ తయారయ్యేవి.

ఈ వాద్యాలు పనిచేసే తీరు తెలిస్తేగాని లింక్ తరువాత చేసిన పని అర్థం కాదు. పాటను ఒక కాగితపు చుట్టపై రంధ్రాలుగా కొడతారు. చుట్ట కదులుతుండగా ఏ రంధ్రం గొట్టం మూతి మీదికి వస్తే ఆ గొట్టంలో గాలి కదిలి, ఒక చిన్న కవాటం తెరుచుకుంటుంది. దానితో ఒక తోలు తిత్తి ముడుచుకొని మీటను లాగుతుంది. హార్మోనియం తిత్తిని చూసినవారికి ఇది కొత్త కాదు. హార్మోనియంలో మనిషి తిత్తిని నొక్కుతాడు. ఇక్కడ యంత్రం గాలిని పీల్చి తిత్తిని ముడుస్తుంది. అంతే తేడా.

లింక్ చదువు నిలకడగా సాగలేదు. పలు ఊళ్లలో పలు బడులు మారాడు. కళాశాల మెట్లు ఎక్కలేదు. ఈయన చదువంతా తండ్రి కర్మాగారంలో, పాడైపోయిన ఆర్గాన్లను విప్పి బిగించడంలో జరిగింది.

చేయి తగలని పాఠం

1920లో, పదహారేళ్ల వయసులో, లింక్ లాస్ ఏంజెలెస్‌లో తొలిసారి విమానం ఎక్కాడు. ప్రసిద్ధ నటుడు చార్లీ చాప్లిన్ సోదరుడు సిడ్నీ చాప్లిన్‌కు అక్కడ ఒక విమాన సంస్థ ఉండేది. పాఠానికి రుసుము యాభై డాలర్లు. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. గురువు ఆకాశంలో గింగిరాలు తిప్పాడు, పల్టీలు కొట్టించాడు, ఇళ్ల కప్పులను రాసుకుంటూ పోయినంత పని చేశాడు. తిరిగి నేలకు దిగేవరకు శిష్యుడిని నియంత్రణ దండం ముట్టుకోనివ్వలేదు. పాఠం అయిపోయింది, డబ్బు ఖర్చయింది, నేర్చుకున్నది మాత్రం ఏమీ లేదు.

ఇది ఒక్క లింక్ అనుభవమే కాదు. విమానం ఖరీదైనది, ఇంధనం ఖరీదైనది, శిష్యుడి పొరపాటుకు గురువు ప్రాణం కూడా పోతుంది. కనుక గురువులు దండం వదిలేవారు కారు. దండం చేతికి రానిదే శిష్యుడికి విద్య వచ్చేది కాదు. లింక్ పట్టు విడువక దొరికిన వైమానికుడినల్లా బతిమాలుకొని నేర్చుకున్నాడు. తండ్రికి ఈ వ్యాపకం నచ్చలేదు. 1927లో సెస్నా కంపెనీ అమ్మిన మొట్టమొదటి విమానం ఈయన చేతికి వచ్చింది. ఊరూరా ప్రదర్శనలిస్తూ, బాడుగకు ప్రయాణికులను తిప్పుతూ, పాఠాలు చెబుతూ పొట్టపోసుకున్నాడు.

అంతకు ముందున్న ప్రయత్నాలు

నేలమీద నేర్పాలన్న ఆలోచన లింక్‌తోనే పుట్టలేదు. 1910 ప్రాంతంలో ఫ్రాన్సులోని ఆంత్వానెత్ కంపెనీ ఒక పీపాను నిలువునా సగానికి కోసి, ఒక సగంపై మరొక సగం అమర్చి, పైన శిష్యుడిని కూర్చోబెట్టేది. మనుషులు చేతులతో ఆ పీపాను ఊపుతుంటే శిష్యుడు చక్రాలు తిప్పి నిలదొక్కుకోవాలి. ఇంగ్లండులో సాండర్స్ టీచర్ అనే యంత్రాన్ని గాలికి ఎదురుగా కీలుపై నిలబెట్టేవారు. గాలి లేని రోజున పాఠం కూడా లేదు.

మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రెంచి శిక్షణ కేంద్రాలు వాడిన పెంగ్విన్ అనే విమానం వీటన్నిటికన్నా ఆసక్తికరమైనది. రెక్కలు పొట్టిగా కోసిన బ్లేరియో విమానం ఇది. ఇంజను నడుస్తుంది, తోక లేస్తుంది, మైదానంలో వేగంగా పరుగెడుతుంది, కాని ఎగరలేదు. ఎగరలేని పక్షి పేరు అందుకే పెట్టారు. విమానాన్ని నేలపై తిన్నగా నడపడం (టాక్సీయింగ్) నేర్పడమే దీని పని. చూసేవారికి నవ్వు తెప్పించే ఈ బండి శిష్యులకు మాత్రం చుక్కలు చూపించేది. కొద్దిగా అదుపు తప్పితే బొంగరంలా గిర్రున తిరిగిపోయేది.

లింక్ ట్రైనర్ నిర్మాణం

తండ్రి కర్మాగారపు నేలమాళిగలో లింక్ దాదాపు పద్దెనిమిది నెలలు శ్రమించి తన యంత్రాన్ని తయారుచేశాడు. 1929లో పేటెంటుకు దరఖాస్తు చేయగా 1931లో అది మంజూరైంది. యంత్రం చెక్కతో చేసిన పొట్టి విమానంలా ఉంటుంది. చిన్న రెక్కలు, చిన్న తోక, మనిషి ఒకడు కూర్చోదగిన తొట్టి. తరువాతి కాలపు యంత్రాలకు నీలం రంగు ఒళ్లు, పసుపు రంగు రెక్కలు ఉండేవి. అందుకే సైనికులు దానిని నీలి పెట్టె అనేవారు. తెల్ల పొణికి చెక్కను చెక్కి, ముక్కలను అతికి, రంగులు వేసే కొండపల్లి బొమ్మలను ఎరిగిన తెలుగువారికి ఈ యంత్రాన్ని చూస్తే మనిషి ఎక్కి కూర్చోగల బొమ్మ అనిపించడం సహజం. నిజానికి తొలి కొనుగోలుదారులు కూడా అలాగే అనుకున్నారు.

ఈ పెట్టెను ఒక కీలుపై నిలిపి, కింద నాలుగు వైపులా నాలుగు తిత్తులు అమర్చారు. విద్యుత్తుతో నడిచే పంపు గాలిని పీలుస్తూ ఉంటుంది. శిష్యుడు దండాన్ని వెనక్కు లాగితే ఆర్గాన్ కవాటాల వంటివే తెరుచుకొని వెనుక తిత్తి ముడుచుకుంటుంది, ముందు తిత్తి ఉబ్బుతుంది, ముక్కు పైకి లేస్తుంది. దండాన్ని పక్కకు వంచితే పెట్టె ఆ పక్కకు ఒరుగుతుంది. కాలి పెడళ్లు తొక్కితే, తిత్తులతోనే నడిచే మరొక మోటారు పెట్టెను మొత్తంగా గుండ్రంగా తిప్పుతుంది.

అన్నిటికంటే కష్టమైన పని దండం చేతికి సరిగా తగిలేలా చేయడం. ఎంత లాగితే ఎంత లేవాలి, ఎంత త్వరగా లేవాలి, మధ్యలో వదిలితే ఎక్కడ నిలవాలి అనేవాటికి లింక్ వద్ద లెక్కలు లేవు. ఏరోడైనమిక్స్ సమీకరణాలేవీ ఈయన వేయలేదు. కవాటాన్ని కాస్త సడలించడం, ఎక్కి కూర్చోవడం, తాను నడిపిన విమానంతో మనసులో పోల్చుకోవడం, దిగి మళ్లీ బిగించడం, ఇదే పద్ధతి. దీనివల్ల కొన్ని లోపాలు మిగిలిపోయాయి. నిజమైన విమానంలో ఒక నియంత్రణ కదిపితే మిగతా రెండు దిశలలో కూడా ప్రభావం కనిపిస్తుంది. తొలి లింక్ యంత్రంలో మూడూ వేటికవే విడివిడిగా పనిచేసేవి. అయినా చేతికి, కాలికి అలవాటు పట్టుబడడానికి అది సరిపోయింది. లింక్ అన్న జార్జి ఈ యంత్రంలో కొద్ది గంటలు సాధన చేసి, అసలు విమానంలో గంటసేపైనా పాఠం చెప్పించుకోకముందే ఒంటరిగా ఎగిరాడు.

సంతలో గుర్రం

1930లో లింక్ బింగ్‌హాంటన్‌లో విమాన పాఠశాల తెరిచాడు. అయితే అది అమెరికాలో ఆర్థికమాంద్యం మొదలైన కాలం. విమాన పాఠశాలలు ఈ యంత్రాన్ని పట్టించుకోలేదు. వినోద ఉద్యానవనాలు మాత్రం కొన్నాయి. డబ్బు వేస్తే కొంతసేపు ఊగే ఆటవస్తువుగా, తిరునాళ్లలో రంగులరాట్నం పక్కన ఉండే కొయ్యగుర్రంగా, అది చాలాకాలం గడిపింది. పేటెంటులోనే దానిని శిక్షణ సాధనంగాను, వినోద సాధనంగాను పేర్కొనడాన్ని బట్టి లింక్‌కు ఈ సంగతి ముందే తెలుసనుకోవాలి.

కుటుంబం గడవడానికి లింక్ మరొక ఉపాయం పన్నాడు. విమానం రెక్కల కింద దీపాలు అమర్చి రాత్రిపూట ఊళ్లపై తిరుగుతూ వ్యాపార ప్రకటనలు చూపేవాడు. ఏ దీపం ఎప్పుడు వెలగాలో నిర్ణయించేది పియానో కాగితపు చుట్టే. 1931లో లింక్ మేరియన్ క్లేటన్ అనే పాత్రికేయురాలిని వివాహమాడాడు. వ్యాపారపు లెక్కలు, ఉత్తరప్రత్యుత్తరాలు చాలావరకు ఆమె చూసుకునేది. వీరికి ఇద్దరు కుమారులు.

1934 టపా దుర్ఘటనలు

1934 ఫిబ్రవరిలో అధ్యక్షుడు రూజ్వెల్టు ప్రైవేటు కంపెనీలతో ఉన్న విమాన టపా ఒప్పందాలను రద్దుచేసి ఆ పనిని సైన్యానికి అప్పగించాడు. సైనిక పైలట్లకు పగటిపూట, కంటికి నేల కనిపిస్తుండగా ఎగరడమే అలవాటు. మంచు, రాత్రి, తుఫాను వారిని చుట్టుముట్టాయి. కొద్ది వారాలలో పన్నెండుమందికి పైగా వైమానికులు చనిపోయారు. మబ్బులో కూరుకున్న మనిషికి పైకి ఏదో, కిందికి ఏదో తెలియదు. చెవిలోని సమతుల్య జ్ఞానం తప్పు చెబుతుంది. పరికరాలను నమ్మడం ముందుగా, ప్రమాదం లేనిచోట, అభ్యసించి ఉండాలి.

లింక్ అప్పటికే తన యంత్రంలో పరికరాలు అమర్చి, పైన మూత బిగించి, శిష్యుడికి బయటి ప్రపంచం కనబడకుండా చేసే పద్ధతిని అభివృద్ధి చేశాడు. సైనికాధికారులు ఈయనను నెవార్క్ విమానాశ్రయంలో కలుసుకోవాలని అనుకున్నారు. ఆ రోజు దట్టమైన పొగమంచు. ఇంతటి వాతావరణంలో ఎవరూ రారని అధికారులు వెనుదిరగబోతుండగా లింక్ బింగ్‌హాంటన్ నుండి కేవలం పరికరాల ఆధారంతో ఎగిరివచ్చి దిగాడు. ఆ పైన యంత్రం గురించి చెప్పవలసింది పెద్దగా మిగలలేదు. 1934 జూన్‌లో సైన్యం ఒక్కొక్కటి 3,500 డాలర్ల చొప్పున ఆరు యంత్రాలు కొన్నది.

యుద్ధకాలం

తరువాత జపాను నౌకాదళం, బ్రిటిషు వైమానిక దళం కూడా లింక్ యంత్రాలు కొన్నాయి. త్వరలో ఒకరిపై ఒకరు యుద్ధం చేయబోయేవారు ఒకే పెట్టెలో చదువుకున్నారన్నమాట. కెనడాలోని గానానోక్వేలో మరొక కర్మాగారం వెలసింది. యుద్ధం ముగిసేనాటికి పదివేలకు పైగా యంత్రాలు తయారయ్యాయి.

యుద్ధకాలపు యంత్రంలో గురువు వేరే బల్ల వద్ద కూర్చుంటాడు. శిష్యుడి పరికరాల నకళ్లు ఆయన ముందు ఉంటాయి. మూడు చక్రాల చిన్న బండి ఒకటి, పీత అని దానికి ముద్దుపేరు, బల్లపై పరచిన పటం మీద పాకుతూ శిష్యుడు ఎగిరిన దారిని సిరాతో గీస్తుంది. శిష్యుడు మూత తీసుకొని బయటికి వచ్చాక, తాను కొండను గుద్దుకున్న చోటు ఆ గీతలో చూసుకోవచ్చు. వేగం పెరిగినకొద్దీ దండం బరువుగా తగిలే ఏర్పాటు కూడా తరువాతి నమూనాలలో చేర్చారు. 1941లో నక్షత్రాలను బట్టి దారి తెలుసుకోవడం నేర్పే మరొక భారీ యంత్రం వచ్చింది. 45 అడుగుల ఎత్తు భవనంలో, కృత్రిమ నక్షత్రాల గోపురం కింద, ఒక బాంబరు విమానపు సిబ్బంది అంతా కలిసి సాధన చేసేవారు. ఈ కృషికి లింక్‌కు 1945లో ఫ్రాంక్లిన్ సంస్థ వారి పాట్స్ పతకం లభించింది.

ఆ యుద్ధకాలంలో హైదరాబాదులోని బేగంపేటలో కూడా ప్రాథమిక వైమానిక శిక్షణ పాఠశాల నడిచింది. కొండపల్లికి దగ్గరలోని గన్నవరం విమానాశ్రయం కూడా రెండవ ప్రపంచయుద్ధపు సైనిక స్థావరంగానే మొదలైంది. ఆనాటి శిష్యులు ఎక్కిన టైగర్ మాత్ విమానానికి చక్రాలకు బ్రేకులు లేవు, తోక కింద చక్రానికి బదులు ఒక దిమ్మె ఉండేది. గాలి బలంగా వీస్తున్నప్పుడు రెక్క కొన పట్టుకొని పక్కన నడిచే మనుషులు కావలసివచ్చేది.

లింక్ యంత్రం నేర్పనిది

లింక్ యంత్రానికి చక్రాలు లేవు, దాని పీఠం కదలదు, మూత వేస్తే బయట ఏమీ కనిపించదు. అందువల్ల అది మబ్బులో ఎగరడం నేర్పగలిగింది గాని నేలపై నడవడం నేర్పలేకపోయింది. పెంగ్విన్ చేసిన పని మళ్లీ అసలు విమానానికే వచ్చిపడింది. ఆనాటి యుద్ధవిమానాలు తోకచక్రం కలవి. నిలబడి ఉన్నప్పుడు ముక్కు ఆకాశం వైపు ఉండి పైలట్‌కు ఎదుట దారి కనిపించదు. కనుక కుడికి కొంత, ఎడమకు కొంత, పాము మెలికలు తిరిగినట్లు నడుపుతూ పక్కల నుండి తొంగి చూడాలి. బరువు చక్రాలకు వెనుక ఉండడంతో విమానం ఒకసారి తిరగడం మొదలుపెడితే తోక ముందుకు రావాలని చూస్తుంది. తిరుగుడు కనిపించకముందే కాలితో ఆపాలి. కనిపించాక ఆపబోతే ఆలస్యమైపోతుంది.

1980 ప్రాంతంలో ఇంటి కంప్యూటర్లపై విమాన సిమ్యులేటర్లు వెలువడ్డాయి. 1998లో మైక్రోసాఫ్ట్ వారి కంబాట్ ఫ్లైట్ సిమ్యులేటర్, 2001లో ఇల్-2 స్టుర్మోవిక్ వచ్చిన తరువాత రెండవ ప్రపంచయుద్ధపు విమానాలు సామాన్యుల బల్ల మీదికి చేరాయి. కొండపల్లిలోనో గుడివాడలోనో వీటితో సాధన మొదలుపెట్టినవారికి ఎదురయ్యే తొలి పని 1929లో నేలమాళిగలో లింక్ చేసినదే. జాయ్‌స్టిక్‌ను సరిచూచుకోవాలి. దండం వెనక్కు లాగితే ముక్కు లేస్తోందా, వదిలితే సరిగా మధ్యకు వస్తోందా చూడాలి. మధ్యలో ఏ ప్రభావమూ లేని ఖాళీ (డెడ్ జోన్) దండం వణుకు అణిగేంత మాత్రమే ఉంచుకోవాలి. అది ఎక్కువైతే చిన్న సవరణలు అందక, చేయి ఆలస్యంగా పెద్ద సవరణ చేస్తుంది. స్పందన వక్రాన్ని మధ్యలో మెత్తగా, అంచులలో చురుకుగా పెట్టుకుంటే తొలినాళ్లలో మేలు. చక్రాల బ్రేకుకు మీట కాకుండా బొత్తాము కేటాయిస్తే అది పూర్తిగా పడుతుంది లేదా అసలు పడదు. తోకచక్రపు విమానం ముక్కు నేలకు కొట్టుకోవడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

కాలి పెడళ్ల విషయంలో ఒక తిరకాసు ఉంది. సైకిలు హ్యాండిలు కుడికొసను ముందుకు తోస్తే బండి ఎడమకు తిరుగుతుంది. విమానంలో కుడి పెడలును ముందుకు తోస్తే ముక్కు కుడికి తిరుగుతుంది. సైకిలు అలవాటు ఉన్న కాళ్లు మొదట తప్పు పక్కకే పోతాయి.

ఒక్కొక్క విమానానికి ఒక్కొక్క మర్యాద కూడా ఉంది. స్పిట్‌ఫైర్‌లో బ్రేకు పట్టు దండం మీదనే ఉంటుంది, ఏ చక్రానికి ఎక్కువ పడాలో కాలి పెడళ్లు నిర్ణయిస్తాయి. నేలపై ఎక్కువసేపు తిప్పితే ఇంజను వేడెక్కిపోతుంది. అమెరికా ముస్తాంగ్‌లో దండాన్ని వెనక్కు లాగి పట్టుకుంటే తోకచక్రం పెడళ్లకు లోబడి కొద్దిగా మాత్రమే తిరుగుతుంది, ముందుకు తోస్తే వదులై ఎటైనా తిరుగుతుంది. ఇవి తెలియక, ఎగరకముందే గడ్డిలో పడినవారు ఈ ఆటలలో లెక్కలేనంతమంది. లింక్ పెట్టె ఒంటికి కదలికను ఇచ్చింది, కంటికి దృశ్యాన్ని ఇవ్వలేదు. ఇంటి కంప్యూటరు దృశ్యాన్ని ఇస్తుంది, కదలికను ఇవ్వదు. తోక జారుతున్న సంగతి ఒంటికి తెలియదు కనుక, ఇంటి సాధకుడు దూరాన ఉన్న ఒక చెట్టునో గోపురాన్నో గురిపెట్టుకొని కళ్లతోనే పట్టుకోవాలి.

సముద్రగర్భంలో

1954లో లింక్ తన కంపెనీని జనరల్ ప్రెసిషన్ సంస్థకు అప్పగించి సముద్రం వైపు మళ్లాడు. సీ డైవర్ అనే తన నౌకలపై భార్యతో కలిసి మునిగిన ఓడల కోసం వెదికాడు. 1692 భూకంపంలో సముద్రంలో కుంగిపోయిన జమైకాలోని పోర్ట్ రాయల్ నగర శిథిలాలలో 1959లో జరిపిన అన్వేషణలో ఒక జేబు గడియారం దొరికింది. అది ఆగిన సమయం పదకొండు గంటల నలభై మూడు నిమిషాలని తేలింది.

మనిషి నీటి అడుగున ఎక్కువసేపు ఉండి, క్షేమంగా పైకి వచ్చే ఉపాయం లింక్‌ను పట్టుకుంది. ఈయన రూపొందించిన లోహపు గదిలో 1962 సెప్టెంబరులో బెల్జియం గజఈతగాడు రాబర్ట్ స్తెనుయి మధ్యధరా సముద్రంలో 200 అడుగుల లోతున ఒక రోజుకు పైగా ఉన్నాడు. 1964లో స్తెనుయి, జాన్ లిండ్‌బర్గ్ కలిసి బహామాస్ వద్ద 432 అడుగుల లోతున రెండు రోజులు గడిపారు. 1971లో సీవార్డ్ జాన్సన్ సహకారంతో జాన్సన్-సీ-లింక్ అనే చిన్న జలాంతర్గామి తయారైంది. ముందుభాగం పారదర్శకమైన గోళం. గజఈతగాళ్లు కూర్చునే వెనుక గది అల్యూమినియంతో చేసినది.

1973 జూన్ 17న ఫ్లోరిడాలోని కీ వెస్ట్ వద్ద, కావాలని ముంచిన ఒక పాత యుద్ధనౌక శిథిలాల తీగలలో ఈ జలాంతర్గామి చిక్కుకుంది. లోపల నలుగురు ఉన్నారు. వెనుక గదిలో ఉన్నవారిలో ఒకరు లింక్ చిన్న కుమారుడు క్లేటన్, వయసు 31. అల్యూమినియం గోడల గుండా వేడి వేగంగా సముద్రంలోకి పోయింది. ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకునే రసాయనం ఆ చలికి సరిగా పనిచేయలేదు. ఒక రోజుకు పైగా గడిచాక జలాంతర్గామిని పైకి లాగగలిగారు. ముందు గోళంలోని ఇద్దరూ బతికారు. క్లేటన్, ఆయనతో ఉన్న ఆల్బర్ట్ స్టోవర్ అప్పటికే మరణించారు. లింక్ పైన నౌకల మీద జరుగుతున్న ప్రయత్నాల దగ్గరే ఉన్నాడు.

ఆ తరువాత లింక్ చేపట్టిన పని, చిక్కుకున్న జలాంతర్గామి వద్దకు తాడుతో దింపగల మానవరహిత యంత్రం. కెమెరాతో, తీగలు కోసే చేతులతో దానిని తయారుచేశాడు. ఆకాశంలో పొరపాట్లను నేలమీద చేసి నేర్చుకునే వీలు కల్పించినవాడికి సముద్రం అడుగున అటువంటి వీలు దొరకలేదు. ఈ యంత్రం ఆ లోటు తీర్చేది కాదు, రెండవసారి అలా జరిగితే చేయందించేది మాత్రమే.

చివరి రోజులు

లింక్ పేరును 1976లో అమెరికా జాతీయ వైమానిక కీర్తి మందిరంలో చేర్చారు. ఈయన 1981 సెప్టెంబర్ 7న బింగ్‌హాంటన్‌లో మరణించాడు. లింక్ ట్రైనర్‌ను 2000లో అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం చారిత్రక యంత్రంగా గుర్తించింది. 2003లో ఈయనకు జాతీయ ఆవిష్కర్తల కీర్తి మందిరంలో స్థానం లభించింది. కంపెనీ పలు చేతులు మారింది. సైనిక శిక్షణ విభాగంగా ఉన్న దానిని 2021లో కెనడాకు చెందిన సి.ఎ.ఇ. సంస్థ కొన్నది. బింగ్‌హాంటన్ విమానాశ్రయపు మైదానానికి లింక్ పేరు పెట్టారు.